ఏడు రోడ్ల దగ్గర చెప్పు తెగింది

రైలు దిగింది శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో.
ఊరు అక్కడ లేదు.
బోర్డు మీద పేరు మాత్రం పంపించి
తను రాని చుట్టంలా
పదమూడు కిలోమీటర్ల అవతలెక్కడో ఉంది.
ఆటో తవిటినాయుడు అడిగాడు:
"సూడ్డానికొచ్చారా, ఉండ్డానికా?"
చూసి చెబుతానన్నాను.
అద్దంలోంచి ఓ నవ్వు నవ్వాడు,
పెళ్లిచూపులకొచ్చిన వాళ్లను చూసి
వీధిలో పిల్లలు నవ్వుతారే, అలాంటిది.

డయాలసిస్ సెంటరు వాళ్లు వారం గడువిచ్చారు.
రెండు షిఫ్టులు, పదకొండు మిషన్లు,
కాకినాడలో వచ్చేదానికంటే నాలుగు వేలు ఎక్కువ.
డైరీలో ఒక కాగితాన్ని నిలువునా మడిచాను,
ఎడమ పక్క అవును,
కుడి పక్క కాదు.
స్టేషన్ సంగతి కుడి పక్కకే వెళ్లింది.

డే అండ్ నైట్ జంక్షన్లో లాజ్ తీసుకున్నాను, పేరు నచ్చి.
రాత్రి పదిన్నరకి కిందికి దిగి చూద్దును గదా,
డే ఒక్కటే డ్యూటీ చేసి వెళ్లిపోయింది.
సగం దించిన షట్టరు కింద ఒక మందుల షాపు,
దాని వెలుగులో ఒక కుక్క.
మందుల షాపుని ఎడమ పక్క రాశాను.
కుక్క నా వెనకే లాజ్ దాకా వచ్చింది,
దాన్ని రాయలేదు.

ఇళ్లు చూశాను.
ఇలిసిపురంలో ఇంటికి పట్టపగలే లైటెయ్యాలి.
పాలకొండ రోడ్డులో ఇంటికి
బస్సులన్నీ వంటింట్లోంచే వెళ్తున్నట్టు.
బలగలో లోలాక్షమ్మ గారి పై వాటా బాగుంది:
గాలి, పక్కింటి మునగకొమ్మ,
గోడెక్కి మెడ సాచితే ఇసుక మధ్య
ఒక చారెడు నాగావళి.
"ఎంతమందమ్మా?"
ఒక్కదాన్నే.
"మరాయన?"
లేరు.
"పోయారా, వదిలేశారా?"
నేనే వదిలేశాను.
ఆవిడ బిందెని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుని
చాలాసేపు మునగచెట్టునే చూసి
"నీళ్లు మాత్రం పొద్దున్న గంటసేపే వస్తాయి" అంది.

ఇది ఏ పక్క రాయాలో
ఇప్పటికీ తెలీదు.

అయిదో రోజు, ఊరికే చూసిపోదామని, సెంటర్లో ఒక షిఫ్టు కూర్చున్నాను.
ఉద్దానం వాళ్లు చీకటుండగానే బస్సెక్కి వచ్చారు,
అన్నం క్యారేజీలు మంచాల కింద వరసగా.
నాలుగో మిషను మీద దాలమ్మ.
ఊరెలా ఉంటుందని ఆవిణ్నే అడిగాను.
"ఊరేటి తల్లీ, వారానికి మూడు దినాలు
ఈ మంచమే సూసినాను.
నువ్వు పొడిస్తే సూది నెప్పెట్టదంట గదా,
ఎవులో సెప్పినారు."
నేనింకా చేరలేదన్నాను.
"వచ్చీసినావు గదా" అని
కళ్లు మూసుకుంది.
గొట్టంలో ఆవిడ రక్తం
నా వైపు నుంచే తిరిగి వెళ్తోంది.

చివరి సాయంత్రం ఏడు రోడ్ల కూడలిలో నిలబడి
రోడ్లు లెక్కపెట్టాను.
మొదట ఐదొచ్చాయి.
మళ్లీ లెక్కపెడితే ఎనిమిది.
వేలు చూపించి లెక్కిస్తుంటే
ఒక పెద్దాయన స్కూటరాపి
"ఎవలింటికమ్మా?" అన్నాడు.
చెప్పడానికి ఏ ఇల్లూ లేక ఒకడుగు వెనక్కేశాను,
చెప్పు తెగింది.

బ్యాంకు మెట్ల పక్కన, నల్ల గొడుగు కింద గురువులు
దాన్ని తిరగేసి, మరగేసి,
మడమ ఒకవైపే అరగడం చూసి
నా నడక గురించి ఏదో అనబోయి మానుకున్నాడు.
"దారం అయిపోయింది. రేపట్రండి."
రాత్రి తొమ్మిదీ నలభైకి నా రైలు,
అదీ పదమూడు కిలోమీటర్ల అవతల.
ఆ మాటే చెబుదామని నోరు తెరిచి
"రేపు ఎన్నింటికి?" అన్నాను.

నూట ఇరవై పెట్టి హవాయి చెప్పులు కొన్నాను,
ఒక సైజు పెద్దవి.
లాజ్ మెట్ల మీద అవి నాకంటే ముందు మోగాయి.
డైరీ తీశాను.
ఎడమా నిండింది, కుడీ నిండింది.
మిగిలిన చోటు మడత ఒక్కటే.
దాని మీద, కలం అటూ ఇటూ జారుతుంటే, రాసుకున్నాను:
గురువులు, కుడికాలిది, పదింటికి,
నలభై రూపాయలు చిల్లర తేవాలి.